పదకొండో నంబరు చెయ్యి

ఆ ఏడు ఉగాది పోయి నాలుగు రోజులు కాలేదు, రాయచూరులో కాకులు నడిచి తిరగడం మొదలుపెట్టాయి. ఎగిరితే రెక్కలు కమురుతాయని వాటికి ఎవరో చెప్పి ఉంటారు. మా దుకాణం ముందు ఇనుప దిమ్మె మీద పొద్దున గుడ్డు కొట్టి పోస్తే పది గంటలకల్లా అట్టు అయ్యేది. నెల రోజులు అదే తిన్నాను. ధాన్యం మార్కెట్టు గంజ్‌లో హమాలీలు ఎవరూ ఈ మాట నమ్మలేదు కానీ, నవ్వకుండా పోయినవాడూ లేడు.

నా పేరు పంపాపతి. గంజ్ వెనక సందులో వెల్డింగ్ దుకాణం నాది. రైసుమిల్లుల్లో వడ్లు పోసే హాపర్లు, నీళ్ల ట్యాంకులు, హోటళ్లకు స్టీలు బల్లలు అతుకుతాం. అక్షరం ముక్క రాదు నాకు. వచ్చినవి రెండే, అతకడం ఒకటి, కోతలు కోయడం ఒకటి. మొదటిదానికి కళ్లు కావాలి, అవి మెరుపులు చూసీ చూసీ మసకబారాయి. రెండోదానికి ఏమీ అక్కర్లేదు.

అప్పట్లో దుకాణంలో మూడు జతల చేతులుండేవి. నావి, కొడుకు పృథ్వివి, కూతురు నవ్యశ్రీవి. పృథ్వికి ఇరవై ఏడు. వాడి నోరు అచ్చం నా నోరే, చెయ్యి మాత్రం ఎవరి పోలికో తెలియదు. నవ్యశ్రీకి ఇరవై నాలుగు, మాట తక్కువ. పలచటి స్టీలు మీద ఆర్గాన్ వెల్డింగ్ చేసిందంటే చేప పొలుసులు వరసగా పేర్చినట్టు ఉండేది. ఒక్కో అతుకు ఆపే చోట చివరను చిన్నగా వెనక్కి తిప్పేది. మా ఆవిడ సౌభాగ్య వాకిట్లో ముగ్గు వేస్తే గీత చివర అట్లాగే తిప్పుతుంది. నేను అతుకుల్లో పుట్టి పెరిగినవాణ్ణి, నాకెప్పుడూ ఆ తిప్పు రాలేదు.

ట్యాంకు అతికాక మేం చేసే పరీక్ష ఒకటుంది. అతుకు మీద బయటి వైపు సున్నం పూస్తాం. అది ఆరాక లోపలి వైపు కిరసనాయిలు రాస్తాం. వెంట్రుక పట్టేంత సందు ఉన్నా చాలు, కిరసనాయిలు దాన్ని వెతుక్కుంటూ ఇవతలికొచ్చి సున్నం మీద మచ్చ వేస్తుంది. ట్యాంకులో దిగి నూనె రాసేది నవ్యశ్రీ, బయట నిలబడి సున్నం చూసేది నేను.

"మచ్చ పడ్డదా నాయినా?" అని లోపలి నుంచి అడిగేది. "లేదు బిడ్డా" అంటే, డబ్బా సర్దుకుని ఇంకో పనికి పోయేది. ఒక్కసారి కూడా వచ్చి చూడలేదు. లోకమంతటికీ కోతలు కోస్తానేమో కానీ సున్నం దగ్గర కోయనని దానికి తెలుసు.

ఆ చైత్రంలోనే శరణబసవ వచ్చాడు. చిక్కసూగూరువాడు, పరదేశం పనులకు మనుషుల్ని పంపే ఏజెంటు. మావాళ్లతో తెలుగు మాట్లాడతాడు కానీ రెండు మాటలకోసారి కన్నడం దొర్లుతుంది. చెక్క స్టూలు మీద కూర్చుని చాయ్ తాగుతూ, ప్రపంచంలో జరుగుతున్న వింత ఒకటి చెప్పాడు. భూమిలోంచి తీసిన గ్యాసును చల్లబరుస్తారట. మన ఫ్రిజ్జు చలి కాదు, సున్నాకు కింద నూట అరవై రెండు డిగ్రీలు. అంత చలికి గ్యాసు నీళ్లయిపోతుందట. ఆరు వందల బిందెల గ్యాసు ఒక్క బిందెడు నీళ్లు. ఆ నీళ్లను గోపురమంత ట్యాంకుల్లో నింపి, ఓడల్లో పోసి దేశదేశాలకు పంపుతారు. మామూలు ఇనుము ఆ చలికి అప్పడంలా విరుగుతుంది కాబట్టి ట్యాంకులకు వేరే ఉక్కు, ఆ ఉక్కును అతకడానికి వేరే చేతులు.

"ఇంకా పదిహేనిరవై ఏండ్లు ఈ గ్యాసుకు తిరుగు లేదంటున్నరు మామా" అన్నాడు శరణబసవ. "ఏడ చూసినా కొత్త ప్లాంట్లే. కానీ కట్టెటోళ్లేరి? పాత వెల్డర్లు ముసలోళ్లయిండ్రు, కొత్త పోరగాండ్లకు మాస్కు పట్టుకుంటే నామోషీ. మంది సిగవల్రు. మనుషులే దొరుకుతలేరు."

అందుకే కంపెనీవాళ్లు రాయచూరు దాకా వచ్చారట. ఇక్కడ మిల్లులున్నాయి, కరెంటు ప్లాంటు ఉంది, వెల్డర్లు ఉంటారని. చిక్కసూగూరులో మూతపడ్డ రైసుమిల్లు షెడ్డులో పరీక్ష.

మూల కూర్చుని పని చేస్తున్న నవ్యశ్రీ మాస్కు పైకెత్తింది.

"పరీక్షకు నేనొస్త" అంది.

"అక్కడ ఆడోళ్లకు క్యాంపు లేదు చెల్లీ."

"మనుషులే దొరుకుతలేరంటివి కదా?"

శరణబసవ నా వైపు చూశాడు. నేను చాయ్ గ్లాసులోకి చూశాను. నవ్యశ్రీ మాస్కు దించుకుంది.

ఆ ఇబ్బందిలోంచి బయటపడటానికి నా నోటికి తెలిసిన దారి ఒకటే. మా పృథ్వి ఉన్నాడు కదా అన్నాను. వాడు అతికిన గొట్టం మీద చీమ నడిస్తే కాలు జారి పడుతుందన్నాను. సాయంత్రానికి ఆ మాట గంజ్ అంతా తిరిగొచ్చింది. తిరిగొచ్చేసరికి చీమ కాస్తా తేలు అయింది. రెండు రోజులకు పృథ్వి కూడా దాన్ని నమ్మాడు.

పరీక్షకు మూడు రోజుల ముందు వాడిచేత ఒక గొట్టం అతికించి, నిలువునా కోసి చూశాను. లోపలి అంచు ఎలుక కొరికిన రొట్టెలా ఉంది. పక్కనే నవ్యశ్రీ, ఎవరూ అడక్కుండానే, ఇంకో గొట్టం అతికి పెట్టింది. అదీ కోశాను. రెండు ముక్కలూ చేతుల్లో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. నాకు తట్టింది మీకూ తట్టే ఉంటుంది. తోలు కోటు, గ్లౌజులు, తలంతా మూసే మాస్కు వేసుకుంటే లోపల ఎవరున్నారో దేవుడికి కూడా తెలియదు.

నేను సంగతి చెప్తే నవ్యశ్రీ కోప్పడలేదు. "పేరు అన్నది, చెయ్యి నాది. గంతేనా?" అంది.

ఈ ఒక్కసారికే అన్నాను. వాడు పోతే దుకాణం నీదే, బోర్డు మీద నీ పేరు రాయిస్తానన్నాను.

"బోర్డు కోసం కాదు. నా చెయ్యి పాసయితదో లేదో చూడాలె. అందుకొస్త."

ఆ రోజు నలభై నాలుగు డిగ్రీలు. షెడ్డు రేకుల కింద తొంభై ముగ్గురు వెల్డర్లు. గేటు దగ్గర పృథ్వి ఆధార్ కార్డు చూపించి సంతకం పెట్టి, ఒంటేలుకని ఊక కుప్ప వెనక్కి పోయాడు. అక్కడ నవ్యశ్రీ సిద్ధంగా ఉంది. పొద్దునే సౌభాగ్య దాని జడను చుట్ట చుట్టి గుడ్డతో బిగించింది. కడుతున్నంతసేపు మా ఆవిడ నాతో మాట్లాడలేదు. అన్న కోటు వేసుకుని, అన్న మాస్కు పెట్టుకుని, అన్న నడక నడుస్తూ కూతురు షెడ్డులోకి పోయింది. ఊక కుప్ప వెనక పృథ్వి గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

పరీక్ష పెట్టినాయన పేరు రామచంద్రయ్య. కోస్తావాడు, ముప్పై ఐదేళ్లుగా ఇదే పని, ఆ వేసవితో రిటైరు. ఒక్కొక్కరి వెనకా రెండు నిమిషాలు నిలబడి కదిలిపోతున్నవాడు మా బల్ల దగ్గర ఆగిపోయాడు. గొట్టాన్ని ఏటవాలుగా బిగించి ఉంచారు, దాని చుట్టూ మనిషి తిరగాలే తప్ప గొట్టం తిరగకూడదు. నవ్యశ్రీ వంగింది, మోకాలి మీద కూర్చుంది, కింద నుంచి పైకి వచ్చింది. మెరుపు ఒక్కసారి కూడా తడబడలేదు. రామచంద్రయ్య చివరిదాకా కదల్లేదు.

ఎక్స్‌రేలు తీసి మూడో రోజు పిలిచారు. తొంభై ముగ్గురిలో పాసైంది పదకొండు మంది. ఒక్కొక్కరికి ఒక నంబరు. ఇకమీదట ఆ మనిషి ఏ దేశంలో ఏ అతుకు అతికినా పక్కన ఆ నంబరు పంచ్ కొట్టాలట. అతుకు పాడైతే ఎవరి చెయ్యో తెలియడానికి. పృథ్వికి వచ్చింది ఆర్ పదకొండు. రామచంద్రయ్య వాడి అరచెయ్యి పట్టుకుని తిప్పి చూశాడు.

"ఈ చెయ్యేనా?" అని అడిగాడు.

పృథ్వి నవ్వాడు. నేనూ నవ్వాను. ఆయన నవ్వలేదు. పోయేటప్పుడు నన్ను పక్కకు పిలిచి, "నాకు నాలుగొందల మంది కావాలండీ, దొరికింది పదకొండు మంది. ఎక్కువ ప్రశ్నలు అడిగే రోజులు కావివి" అన్నాడు.

నవ్యశ్రీ బయట గోడ పక్కన నిలబడి ఉంది. ఎక్స్‌రే ఫిల్ములో ఎన్ని లోపాల చుక్కలు వచ్చాయని మాత్రం అడిగింది. ఒక్కటీ లేదన్నాను. ఆ వేసవి మొత్తంలో అది నవ్వింది ఆ ఒక్కసారే.

పృథ్వి విమానం ఎక్కాడు. ఎక్కడో ఎడారి, పక్కన సముద్రం. ఇక గంజ్‌లో నా నోటికి పండగ. అక్కడ ట్యాంకులో వంకాయ ముంచి కొడితే గుడిగంటలా మోగుతుందని చెప్పాను. ట్యాంకు పక్కన తిరిగిన కోడి వడగళ్లు పెడుతుందని, మావాడు రోజూ రెండు వడగళ్లు పొరటు చేసుకుని తింటున్నాడని చెప్పాను. వాడి కింద ఇరవై మంది పని చేస్తున్నారని కూడా చెప్పాను. ఈ చివరిది చెప్పినప్పుడు ఎవరూ నవ్వలేదు. నమ్మారు.

అప్పటికే ఫోన్లు మొదలయ్యాయి. మాకు మధ్యాహ్నం రెండున్నర అయితే వాడికి అన్నం వేళ. ఫిల్ము అంత బాగా వచ్చినందుకు వాణ్ణి ఏకంగా చలి గ్యాసు నింపే లోపలి ట్యాంకు మీద పెట్టారట. నవ్యశ్రీ ఫోను బల్ల మీద ఆనించి, తన చేతిలో రాడ్డు పట్టుకుని చూపించేది. "నెట్టకు అన్నా. కరిగిందాక ఆగు. అదే నడుస్తది, నువ్వు దాని ఎనక పో." వాడు చూసేవాడు, సరే సరే అనేవాడు. నాలుగేళ్లలో నేర్చిన చెయ్యి ఫోన్లోంచి ఎట్లా పోతుంది?

రోహిణి కార్తెలో ఒక మధ్యాహ్నం వాడు ఫోన్ చేసి చెల్లెలిని అడగలేదు, నన్నిమ్మన్నాడు.

"ఇరవై అతుకులల్ల పదకొండు పనికిరావని కోసేసిండ్రు నాయినా" అన్నాడు.

ఇంటికి పంపేస్తారా అని అడిగాను. నా గొంతులో ఆశ వాడికి వినబడే ఉంటుంది.

"పంపరు. మనుషులు లేరు కదా. నా నంబరు కొట్టేసి కేబుళ్లు గుంజనీకె పెట్టిండ్రు. కాంట్రాక్టు రెండేండ్లు. ఈడ గూడ ఎండ మన ఊరి లెక్కనే ఉన్నది. చలంత ట్యాంకులనే."

శరణబసవను పట్టుకుని అడిగితే మిగతాది చెప్పాడు. ఆర్ పదకొండు నంబరు తీసేసిన పట్టీలోకి ఎక్కింది. అన్ని కంపెనీలూ చూసేది ఆ ఒక్క పట్టీనే. అంతవరకైతే ఫరవాలేదు, పని రాలేదని ఊరుకుంటారు. పరీక్షే దొంగదని తెలిస్తే మాత్రం అక్కడ కేసు పెడతారు, పాస్‌పోర్టు పట్టుకుంటారు. "నోరు జరా కట్టేసుకో మామా" అన్నాడు. నాకు నోరు కట్టేసుకోమని చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు. వినాలనిపించింది అప్పుడే.

నవ్యశ్రీతో పదకొండు కోసేశారని చెప్పాను. అది గ్రైండరు ఆపి, "నా నంబరు మీదనా?" అంది. అంతే. మళ్లీ గ్రైండరు వేసింది.

మృగశిర ఇంకా రెండు రోజులుందనగా శరణబసవ మళ్లీ వచ్చాడు. ఈసారి స్టూలు మీద కూర్చోలేదు, నేరుగా నవ్యశ్రీ దగ్గరికి పోయాడు. కంపెనీకి ఇంకా మూడొందల మంది తక్కువట. ఊళ్లూళ్లూ తిరిగినా దొరకలేదట. ఇక దారి లేక ఆడవాళ్లకు వేరే క్యాంపు కడుతున్నారట.

"ఇప్పుడు రా చెల్లీ" అన్నాడు. "నీ పేరు మీదనే రా."

ఈసారి అది జడ తనే చుట్టుకుంది. గేటు దగ్గర తన కార్డు చూపించింది, తన సంతకం పెట్టింది, అందరూ చూస్తుండగా షెడ్డు మధ్యలో నిలబడి కోటు తొడుక్కుంది. ఆకాశంలో మబ్బు కమ్మి ఉంది, ఎక్కడో వాన పడ్డ వాసన. నేను గోడ పక్కన నిలబడ్డాను. ఊక కుప్ప ఇంకా అక్కడే ఉంది, సగం గాలికి పోయి.

రామచంద్రయ్య ఈసారి వెనక నిలబడలేదు, దూరంగా కుర్చీలోనే కూర్చున్నాడు. పని అయిపోయాక గొట్టాన్ని విప్పి వెలుగులోకి తీసుకెళ్లాడు. తన ఇనుప పెట్టె తెరిచి ఇంకో గొట్టం ముక్క తీశాడు. దాని మీద ఆర్ పదకొండు అని పంచ్ ఉంది. రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టి నన్ను రమ్మన్నాడు.

"ఇది బావుందని దాచుకున్నానండీ" అన్నాడు. "చివర ఈ తిప్పు చూశారా? నా ముప్పై ఐదేళ్లలో రెండోసారి ఇదే చూడ్డం."

శరణబసవ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. మిగతా వెల్డర్లు కూడా మూగారు. నవ్యశ్రీ మాస్కును చంకలో పెట్టుకుని వచ్చింది. ముఖమంతా చెమట.

"ఈ చెయ్యి ఎవరిదండీ?" అన్నాడు రామచంద్రయ్య నాతో. "నేనీ నెలాఖరుకు దిగిపోతున్నాను. మీరేం చెప్తే అదే రాస్తాను. నిదానంగా ఆలోచించుకుని చెప్పండి."

నవ్యశ్రీ ఆయన్ను చూడటం లేదు. నన్ను చూస్తోంది. ట్యాంకులోంచి మచ్చ పడిందా అని అడిగినప్పుడు దాని ముఖం నాకెప్పుడూ కనబడేది కాదు. ఇట్లాగే ఉండేదేమో.

నాకు ఎడారిలో కేబుళ్లు గుంజుతున్న పృథ్వి కనబడ్డాడు. పాస్‌పోర్టు కనబడింది. ఆ తర్వాత ఏమైందంటే, నా నోరు తెరుచుకుంది. దానికి నేను అవసరం లేదు.

"అయ్యో, గది నా తిప్పే సార్" అన్నాను. "మా తాతల కాంచి వస్తున్నది. ఇద్దరికీ నేనే నేర్పిన. మా ఇంట్ల పిల్లి గూడ తోక గట్లనే తిప్పుతది."

షెడ్డు షెడ్డంతా నవ్వింది. శరణబసవ ఊపిరి వదిలి, అందరికంటే గట్టిగా నవ్వాడు. రామచంద్రయ్య ఆ నవ్వు తగ్గేదాకా ఆగాడు.

"అయితే రెండూ ఒకటే చెయ్యంటారు."

"ఒకటే సార్."

"ఆ చేతి అతుకులు ఇరవైలో పదకొండు కోసి పారేశారండీ. అలాంటి చేతిని ఇంకొకదాన్ని నేను పంపలేను."

కాగితం మీద ఏదో రాశాడు. నాకు చదువు రాదు, కానీ అడ్డంగా కొట్టిన గీత చదవడానికి చదువెందుకు? తర్వాత రెండు గొట్టం ముక్కలూ తీసి నవ్యశ్రీ చేతుల్లో పెట్టాడు. "నీవి నువ్వు తీసుకెళ్లమ్మా" అన్నాడు. రెండూ.

బండి మీద వస్తుంటే వాన పట్టుకుంది. మొదటి వాన, వేడి రోడ్డు మీద పొగలు లేస్తున్నాయి. ఎక్కడైనా ఆగుదామా అని అడిగాను. రైల్వే గేటు దాటాక నవ్యశ్రీ వెనక నుంచి చెప్పింది.

"గా తిప్పు ముగ్గుది నాయినా. అమ్మ దగ్గర నేర్చుకున్న."

ఇంట్లో సౌభాగ్య ఆ రెండు ముక్కలనూ తుడిచి, పూజ గూటి పక్కన పెట్టింది. మరుసటి రోజు వాకిట్లో ముగ్గు లేదు, వాన అనుకున్నాను. ఆ మరుసటి రోజు వాన లేదు, ముగ్గు కూడా లేదు.

నెల రోజులు మింగుకుని, చివరికి ఒకరోజు చాయ్ దుకాణం దగ్గర హమాలీలందరి ముందూ ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఊక కుప్ప, అన్న కోటు, పదకొండో నంబరు, ఫోన్లో పాఠాలు, పిల్లి తోక, అన్నీ. కేసు అయితే అయిందనుకున్నాను. వాళ్లు పొట్ట చేత పట్టుకుని నవ్వారు. చెల్లెలు మీసం పెట్టుకుని పోయిందా మామా అని ఒకడు అడిగాడు. కోడి వడగళ్ల ముచ్చట కంటే ఇదే బాగుందని, మళ్లీ ఒకసారి చెప్పమని ఇంకొకడు చాయ్ ఇప్పించాడు. చాయ్ తాగి వచ్చేశాను.

అక్కడే ఉన్న శరణబసవ కూడా నవ్వినట్టే నవ్వి, నా చెయ్యి గట్టిగా నొక్కి వెళ్లిపోయాడు. రామచంద్రయ్య అప్పటికే దిగిపోయాడు, ఆయన ఊరేదో ఎవరికీ తెలియదు. పృథ్వి ఇప్పటికీ కేబుళ్లు గుంజుతున్నాడు. ఫోన్లో మాటలు తగ్గాయి. నోరు నాదే అనుకున్నాను, అది కూడా కాదేమో.

బోర్డు మాత్రం రాయించాను. నవ్యశ్రీ వెల్డింగ్ వర్క్స్ అని, పెద్ద ఎర్ర అక్షరాలతో. పెయింటరు చదివి వినిపించాడు. అది ఒకసారి తలెత్తి చూసి, లోపలికి పోయి పని చేసుకుంది.

మొన్న పోతనాళ ఊళ్లో మిల్లుకు ఒక ట్యాంకు పూర్తి చేశాం. బయట సున్నం పూశాను, ఆరింది. నవ్యశ్రీ లోపలికి దిగి కిరసనాయిలు రాసింది. నేను ఎప్పటిలాగే బయట నిలబడి, మసక కళ్లు చిట్లించి, ఒక్కో అతుకూ పైనుంచి కిందిదాకా చూశాను. ఎక్కడా ఏమీ లేదు. లోపలి నుంచి ప్రశ్న వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. నేనే అన్నాను.

"మచ్చ లేదు బిడ్డా."

లోపల డబ్బా కింద పెట్టిన చప్పుడైంది. తర్వాత మూత దగ్గర చేతులు కనబడ్డాయి. పైకి వచ్చి, నిచ్చెన దిగి, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ ట్యాంకు చుట్టూ తిరిగి నా పక్కకు వచ్చింది. నేను కొంచెం జరిగి చోటిచ్చాను. సున్నం తెల్లగానే ఉంది. అది మోకాళ్ల మీద కూర్చుని, నేను చూసిన ప్రతి అతుకునూ మొదటి నుంచి చూసుకుంటూ పోయింది.